రేడియం కోటు వెనక

చివర నడవడం కూడా ఒక పనే అంటే ఎవరూ నమ్మరు. ముందు నడిచేవాళ్లకు దారి తెలియాలి, మధ్యలో నడిచేవాళ్లకు కబుర్లు తెలియాలి, చివర నడిచేవాళ్లకు ఏం తెలియాలి అని అందరి ఉద్దేశం. ఆపరేటరమ్మను అడిగితే చెబుతుంది. ఎవరి లేసు ఊడిందో, ఎవరు నీళ్ల సీసా మరిచిపోయి వచ్చారో, రోడ్డు దాటేటప్పుడు ఎవరు ఫోను చూసుకుంటారో, నిన్నటిదాకా జంటగా నడిచినవాళ్లలో ఎవరు ఎవరితో మాటలు మానేశారో, ఇవన్నీ వెనకనుంచే కనిపిస్తాయి. ముందునుంచి చూస్తే మనుషులందరూ ఉత్సాహంగానే ఉంటారు.

ఆ వాకింగ్ బృందంలో ఇరవై రెండు మంది. పొద్దున ఆరింటికి పోస్టాఫీసు మెట్ల దగ్గర కలుస్తారు. కాలువ గట్టు వెంబడి వెళ్లి, రైలు వంతెన కిందినుంచి బయటపడి, ఎత్తు ఎక్కి నీళ్ల ట్యాంకు దగ్గర ఆగుతారు. అక్కడ పది నిమిషాలు కూర్చుని వెనక్కి తిరుగుతారు. మొదట్లో తలలు లెక్కపెట్టేవారు గానీ రోజుకో అంకె వచ్చేది. ఒకరు దారిలో ఎవరో కనిపిస్తే ఆగిపోయేవారు, మరొకరు చెప్పకుండా ఇంటికి పోయేవారు, మిగతావాళ్లు వాళ్లకోసం గట్టంతా వెతికేవారు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. చివరి మనిషి రేడియం కోటు వేసుకోవాలి, మసక వెలుతురులో లారీవాళ్లకు కూడా కనిపించేలాంటిది. ఆ కోటు వెనక బృందం వాళ్లెవరూ ఉండకూడదు. కోటు ట్యాంకు దగ్గరకు వచ్చిందంటే అందరూ వచ్చినట్టే.

ఏడాదిగా ఆ కోటు ఆపరేటరమ్మదే. ఆసుపత్రి టెలిఫోన్ల గదిలో ముప్పై ఒక్క ఏళ్లు "ఒక్క నిమిషం, కలుపుతున్నాను" అంటూ కూర్చున్న మనిషి. ఇప్పుడు రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. రోజు మొత్తంలో ఆమె మాట్లాడే మాటల్లో ముప్పాతిక భాగం పొద్దుటి నడకలోనే అయిపోతాయి. మిగిలినవి పాల దుకాణంలో, అవీ లెక్కకు నాలుగు. సాయంత్రానికి గొంతు పట్టేసినట్టయి, ఉందో లేదో చూసుకోవడానికన్నట్టు ఒకసారి దగ్గుతుంది.

ఆ ముప్పాతిక భాగం వినేది టైలరమ్మ. అరవై ఎనిమిదేళ్ల మనిషి, సన్నగా ఉంటుంది, మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే నడకకు వచ్చేస్తుంది. బృందం మొత్తంలో అందరికంటే నెమ్మది ఆవిడే. వంతెన కింద ఒకసారి, ఎత్తు మొదట్లో ఒకసారి, సగం ఎక్కాక ఒకసారి వంగి మోకాలు పట్టుకుంటుంది. ఆపరేటరమ్మ కూడా ఆగుతుంది. "తొందరేం లేదక్కా. ట్యాంకు ఎక్కడికీ పోదు" అంటుంది. అంత ఓపిక తనకు ఉన్నందుకు ఆమెకు లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

గురువారం నడక అయ్యాక పోస్టాఫీసు మెట్ల దగ్గర కోటు మడతపెట్టుకుంటుంటే సర్వేయరు వచ్చాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పొలాలు కొలిచాడు, రిటైరయ్యాక కొలవడానికి మనుషులు దొరికారు. ముందు నడిచేది ఆయనే. మెడలో స్టాప్‌వాచీ వేలాడుతుంటుంది.

"మేడం, ఒక్క మాట. నిన్న కమిటీలో అనుకున్నాం. ట్యాంకుకి నలభై నిమిషాల్లో చేరాలని ఒక నియమం పెడుతున్నాం. కోటు యాభై ఒకటికి వస్తోంది. పదకొండు నిమిషాలు ఎక్కువ. బ్యాంకాయన ఏడున్నరకి ఇల్లు చేరాలి, పళ్ల డాక్టరు గారికి ఎనిమిదింటికల్లా పేషెంట్లు. రోజూ అందరూ ఎదురుచూస్తూ కూర్చుంటున్నారు."

"మా కోసం."

"మీ కోసం కాదండీ. ఆవిడ కోసం." ఆయన గొంతు తగ్గించాడు, టైలరమ్మ అప్పటికే రోడ్డు దాటిపోయినా సరే. "ఆవిడకి సాయంత్రం బ్యాచి బాగుంటుంది. పార్కు చుట్టూ రెండు రౌండ్లు, అడుగడుక్కీ బల్లలు."

"సాయంత్రమే కదండీ ఆవిడ కొట్టుకి జనం వచ్చేది. ఎలా వస్తుంది?"

"అది ఆవిడ చూసుకోవాలి. ఆదివారం నుంచి అమలు. మీరే చెబితే బాగుంటుంది. మీకు చనువు కదా."

చనువున్నవాళ్లకు చేదు పని అప్పజెప్పడం కమిటీలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆపరేటరమ్మ కోటును మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది. టైలరమ్మ రాకపోతే చివర తను ఒక్కతే. ముందు వాళ్లంతా ఇద్దరిద్దరుగా కుదురుకుపోయి ఉన్నారు, మధ్యలోకి వెళ్లి ఎవరి మాటల్లో దూరుతుంది? ఇంటికి వెళ్లేసరికి ఆమెకు భయం వేసింది. ఒక మనిషి రాకపోవడమంటే ఆమె మట్టుకు ఆమెకు మొత్తం మనుషులే లేకపోవడం.

శుక్రవారం నడకలో టైలరమ్మతో ఆ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా చేద్దామనుకుంది. నీళ్ల ట్యాంకు వెనక ఒక ఇనప గేటు ఉంది. అది తీస్తే ఎత్తు చుట్టూ తిరగక్కర్లేదు, తిన్నగా ఎక్కేయొచ్చు. మధ్యాహ్నం భోజనమయ్యాక చేతిలో చిన్న పుస్తకం, పెన్సిలు పట్టుకుని వెళ్లి కాపలా మనిషిని పలకరించింది.

"పొద్దున ఆరున్నరకి ఈ గేటు తీయడానికి కుదురుతుందా?"

"ఎవరి కోసం?"

"నడిచేవాళ్ల కోసం. ఒక పెద్దావిడ ఉంది, చుట్టూ తిరగలేకపోతోంది."

అతను తాళం వైపు కొత్తగా చూశాడు. "ఆరేళ్లుగా ఇక్కడున్నాను. ఈ గేటు గురించి అడిగిన మొదటి మనిషి మీరే. ఆరింటికి లేచే ఉంటాను, తీయడానికేం. తుప్పు పట్టింది, కాస్త నూనె వేయాలి."

ఆ పూటకి గేటు తీసి ఉంచమని చెప్పి ఆమె పోస్టాఫీసు దగ్గరకు తిరిగి వెళ్లి, అక్కడినుంచి టైము చూసుకుని నడిచింది. గట్టు మీద కదులుతున్న పలక ఎక్కడుందో రాసుకుంది. వంతెన కింద నీళ్లు నిలిచే చోట ఇటుకలు వేయించాలని రాసుకుంది. గేటు దగ్గర మెట్టు ఎత్తుగా ఉంది, పట్టుకోవడానికి కడ్డీ ఉంది, అదీ రాసుకుంది. ట్యాంకు చేరేసరికి నలభై మూడు నిమిషాలు. అడ్డదారికి ఎనిమిది నిమిషాలు కలిసొస్తాయని ముందే లెక్క వేసుకుంది, యాభై ఒకటి నలభై మూడు కావాలి, సరిగ్గా అంతే అయింది. టైలరమ్మ పక్కన లేకపోయినా ఇంత కచ్చితంగా టైలరమ్మ నడక నడవగలిగినందుకు తనను తనే మెచ్చుకుంది. ఊపిరి కుదుటపడ్డాక, అక్కడే మెట్టు మీద కూర్చుని సర్వేయరుకు ఫోను చేసింది.

"మూడు నిమిషాలే తేడా సర్వేయర్ గారూ. గేటు తీస్తానన్నాడు."

"ఒక్కరి కోసం ఇరవై రెండు మంది దారి మార్చుకుంటారా మేడం? పైగా అది నీళ్ల శాఖ స్థలం, రేపు ఎవరైనా అడిగితే నేను సమాధానం చెప్పాలి. మూడైనా ముప్పై అయినా నియమం నియమమే. ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారు."

ఆపరేటరమ్మ ఫోను పెట్టేసి పుస్తకంలో రాసుకున్నది ఒకసారి చదువుకుంది. ఆ పలక సంగతైనా చెప్పి ఉండాల్సింది అనుకుంది.

శనివారం పొద్దున ఎప్పటికంటే ఎక్కువ మాట్లాడింది. ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు రోజూ ఫోను చేసి తన గదికే కలపమనేవాడని, ఎవరూ ఎత్తకపోతే తను లేనని నమ్మకం కుదిరి ఇంటికి వెళ్లిపోయేవాడని చెప్పింది. టైలరమ్మ పడీపడీ నవ్వింది, వంతెన కింద మోకాలు పట్టుకుని మరీ నవ్వింది. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. ఇక రేపే ఆదివారం. మధ్యాహ్నం మూడింటికి ఆపరేటరమ్మ మనసు రాయి చేసుకుని టైలరమ్మ కొట్టుకు బయల్దేరింది.

కొట్టు రెండో అంతస్తులో. మెట్లు ఇరుకు, నిలువు. మొదటి మలుపులోనే పైనుంచి కుట్టు మిషను చప్పుడు ఆగింది.

"నువ్వేనా? నెమ్మదిగా రా. కడ్డీ పట్టుకో, మూడో మెట్టు విరిగింది."

పైకి వెళ్లేసరికి టైలరమ్మ గుమ్మంలో ఉంది. ఇస్త్రీ బల్ల మీది ప్యాంట్లు పక్కకు నెట్టి కూర్చోబెట్టింది. కూజా ఖాళీగా ఉందని చూసి, "ఇప్పుడే వస్తా" అని దాన్ని పట్టుకుని కిందికి వెళ్లింది. కింద కుళాయి తిరిగిన చప్పుడు, మళ్లీ మెట్ల మీద అడుగుల చప్పుడు. గ్లాసులో నీళ్లు చేతికి వచ్చేదాకా ఆపరేటరమ్మ నోరు తెరిచి మాట్లాడే స్థితిలో లేదు.

"ఏంటి ఇంత ఎండలో?"

"ఊరికే. ఇటు వచ్చాను, చూసిపోదామని."

టైలరమ్మ నమ్మినట్టు తలూపి పనిలో పడింది. ఒక కిటికీ తెర అంచు మడుస్తోంది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటీ తీసి బెత్తెడు దూరానికొకటి గుచ్చుతోంది. ఆపరేటరమ్మ తెర గురించి మాట్లాడింది, మెట్ల గురించి, ఆ విరిగిన మెట్టు ఇంటాయన బాగుచేయించకపోవడం గురించి మాట్లాడింది. అంచు సగానికి వచ్చింది. చెప్పకపోతే రేపు అందరిముందూ సర్వేయరే చెబుతాడు.

"అక్కా, ట్యాంకుకి నలభై నిమిషాల్లో చేరాలని కొత్తగా పెట్టారు. లేకపోతే సాయంత్రం బ్యాచికి వెళ్లాలంట. నీకు చెప్పమన్నారు."

టైలరమ్మ చెయ్యి ఆగింది. పెదాల మధ్య మిగిలిన సూదులు ఒకటొకటిగా తీసి డబ్బాలో వేసింది.

"నాకా చెప్పమన్నారు?"

"నేను ఒప్పుకోలేదక్కా. గేటు తీయిస్తానని కూడా చెప్పాను. వినలేదు."

"గేటు ఏంటి?"

ఆపరేటరమ్మ చెప్పింది. కాపలా మనిషి, నూనె, నలభై మూడు నిమిషాలు, అన్నీ చెప్పింది. టైలరమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తెరను చేత్తో చదును చేసింది.

"నలభై నిమిషాలు. అంతేగా. చూద్దాంలే."

"రాగలవా అక్కా?"

"ప్రయత్నిస్తాను. నువ్వు మాత్రం రేపు కంగారు పడకు. నీ నడక నువ్వు నడువు. వినపడిందా?"

తనను బయటికి పంపేస్తుంటే కూడా ఎదుటి మనిషికి జాగ్రత్తలు చెబుతోందే అని ఆపరేటరమ్మకు కళ్లనీళ్లు వచ్చినంత పనైంది.

ఆదివారం ఆరింటికి సర్వేయరు ఈల వేశాడు. టైలరమ్మ లేసులు బిగించి కట్టుకుని ముందు వరసలోకి వెళ్లింది. పోస్టాఫీసు మూల తిరగకముందే మధ్యవాళ్లను దాటింది. గట్టు ఎక్కేసరికి సర్వేయరు పక్కన ఉంది. మోచేతులు వెనక్కి పెట్టి, తల ఎత్తి, పొడుగు పొడుగు అంగలు వేస్తూ నడుస్తోంది. పాపం, పంతానికి పోయి ఎంత కష్టపడుతోందో అనుకుంది ఆపరేటరమ్మ. ఇంకాసేపట్లో వంగి మోకాలు పట్టుకుంటుందని చూసింది. టైలరమ్మ వంగలేదు. సన్నటి వీపు చిన్నదవుతూ పోయి వంతెన నీడలో కలిసిపోయింది.

ఆపరేటరమ్మ కూడా అడుగు వేగం పెంచింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఇవాళైనా కోటు నలభైకి చేరాలి. వంద అడుగులు బాగానే నడిచింది. ఆ తర్వాత గుండెల్లో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది. మాట్లాడుతూ ఉంటే మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకోవడం కుదిరేది, అది ఆయాసమని ఎవరికీ తెలిసేది కాదు, ఆమెకు కూడా. ఇవాళ మాటలు లేవు. ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

వంతెన కింద గోడ పట్టుకుని నిలబడింది. రోజూ ఆగే చోటే అది. ఇవాళ ఆగడానికి ఎవరి మోకాలూ లేదు.

అప్పుడు అర్థమైంది. ఎత్తు మొదట్లో ఆగేచోటు, సగం ఎక్కాక ఆగేచోటు, కూజా పట్టుకుని దిగి ఎక్కిన మెట్లు, నలభై మూడు నిమిషాలు, అన్నీ వరసగా వచ్చి ఎదుట నిలబడ్డాయి. ఆవిడ ఎప్పుడు వంగేదో గుర్తు చేసుకుంది. తను మాట మధ్యలో తడబడినప్పుడు వంగేది. ఏడాదిగా తను ఆవిడకు చెప్పిన ధైర్యమంతా గుర్తొచ్చి, చీకట్లో ఒంటరిగా ఉన్నా మొహం దాచుకోవాలనిపించింది.

తల ఎత్తేసరికి వంతెన అవతలి వెలుతురులో ఒక భారీ మనిషి ఆగి ఉన్నాడు. బేకరీ ఆయన, మూడు వారాల కిందట చేరాడు. ఇటు చూస్తూ, చూడనట్టు చేతి గడియారం తిప్పుకుంటున్నాడు. ఆమె కదిలాక కదిలాడు. ఎత్తు సగంలో ఆమె ఆగితే ఆయనా ఆగి చెట్టు కొమ్మను పరిశీలించాడు. అలాగే వంద అడుగుల ముందు ఉంటూ పైకి చేరాడు.

"యాభై రెండు" అన్నాడు సర్వేయరు. స్టాప్‌వాచీ నొక్కి ఆమెను ట్యాంకు గోడ వారకు పిలిచాడు. "టైలరమ్మ గారి విషయంలో పొరబడ్డాం మేడం. ముప్పై ఆరుకి వచ్చేశారు, నన్నే ఉరికించారు. అసలు ఆలస్యం ఈయనదన్నమాట." బేకరీ ఆయన మెట్టు మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. మాట వినిపించింది, కాదనలేదు, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. "ఈయనకి కూడా మీరే కాస్త..."

కిందటి గురువారం ఇలాగే ఊరుకుంది. ఇవాళ కూడా ఊరుకుంటే ఎవరికీ తెలియదు.

"ఆయన కాదు. నేను" అంది ఆపరేటరమ్మ.

"మీరేంటి?"

"నెమ్మది నాది. ఏడాదిగా నాదే. ఆవిడ నా కోసం ఆగేది. ఇవాళ ఈయన ఆగాడు. కోటు ఎలాగూ చివర ఉండాల్సిందే కాబట్టి మీకెవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు."

 సర్వేయరు తేలిగ్గా నవ్వేశాడు. "అయ్యో, మీ సంగతి వేరు మేడం. మీరు లేకపోతే చివర ఎవరుంటారు? పది పన్నెండు నిమిషాలదేముంది, సర్దుకుందాం. డాక్టరు గారికి నేను చెబుతాలెండి."

మూడు రోజులు ఆమెకు నిద్ర లేకుండా చేసిన నిమిషాలు అవి. ఇప్పుడు వాటిదేమీ లేదంట. ఇంక తనను ఎవరూ పంపరు, దానికి సంతోషించాలి. ఆమెకు ఒళ్లు మండింది.

"ఆవిడ సంగతి ఎందుకు వేరు కాలేదండీ?"

సర్వేయరు స్టాప్‌వాచీ వైపు చూశాడు.

"నలభై నిమిషాల మాట తీసేయండి" అంది. "నా ఒక్కదానికి కాదు, అందరికీ. టైమున్నవాళ్లు ఉంటారు, పనులున్నవాళ్లు ముందు వెళ్లిపోతారు. అలాగైతే చివర ఉంటాను. లేదంటే రేపటికి ఇంకో మనిషిని చూసుకోండి."

గోడ పక్కన మాటలు వింటున్న నలుగురైదుగురు ఉన్నట్టుండి నీళ్లు తాగడంలో మునిగిపోయారు. చివర నడవడానికి ఎవరు ముందుకొస్తారు? సర్వేయరు ఒక చుట్టు చూసి, "సరే మేడం, కమిటీలో పెడతాను" అన్నాడు. "ఇప్పుడే చెప్పండి" అంది ఆమె. ఆయన చప్పట్లు కొట్టి, గొంతు సవరించుకుని, నియమం రద్దయిందని చెప్పాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

టైలరమ్మ నీళ్ల సీసా తెచ్చి పక్కన కూర్చుంది. మొహం ఎర్రగా కంది ఉంది, పదేళ్లు తగ్గినట్టుంది.

"ఎప్పట్నుంచి?" అంది ఆపరేటరమ్మ.

"మొదటి వారం. వంతెన కింద గోడ పట్టుకుని నిలబడ్డావు. నన్ను చూసి అక్కడి పోస్టరు చదువుతున్నట్టు తల తిప్పావు. అందులో చదవడానికేం లేదు, సగం చిరిగిపోయింది. నేను చూశానని తెలిస్తే మర్నాడు రావనిపించింది."

"మోకాలు నొప్పి?"

"రోజంతా మిషను తొక్కే కాళ్లు. వాటికేం వస్తుంది."

ఆపరేటరమ్మ నీళ్లు తాగింది. కొంచెం చీర మీద ఒలికింది. "ఇవాళ ఎలా ఉంది, ముందు?"

 టైలరమ్మ అబద్ధం చెప్పలేదు. "బాగుంది. గాలి ఎదురు తగులుతుంటే కాళ్లు వాటంతట అవే పోయాయి. ఏడాదైంది కదే."

"రేపట్నుంచి అలాగే నడు."

"మరి నువ్వు?"

"నాదేముంది. ఎలాగూ చివరే కదా, వస్తాను."

కాదంటుందని ఎదురుచూసింది. నోటితో వెళ్లమంటూ మనసులో వద్దనమని వేడుకుంది. టైలరమ్మ తన షూల వైపు చూసుకుంది, కింద గట్టు దారి వైపు చూసింది.

"సరే అయితే" అంది. "ఇక్కడ కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాంలే, ఆ పది నిమిషాలూ."

తను పైకి చేరేసరికి ఆ పది నిమిషాలు అయిపోతాయని ఇద్దరికీ తెలుసు. టైలరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, కొంచెంసేపు అలాగే ఉంచి, లేచింది. అంతలో ఈల వినిపించింది.

అందరూ ఇద్దరిద్దరుగా దిగడం మొదలుపెట్టారు. బేకరీ ఆయన మాత్రం కదలకుండా తువ్వాలును తీరిగ్గా మడతపెడుతున్నాడు.

"మీరు నడవండి" అంది ఆపరేటరమ్మ. "నా కోసం ఆగొద్దు."

"నాకేం తొందర లేదు మేడం."

"తెలుసు. అయినా మీ నడక మీరు నడవండి."

ఆయన రెండుసార్లు వెనక్కి చూసి వెళ్లాడు. ఆమె సీసా మూత బిగించి, ఆయన మలుపు తిరిగేదాకా కూర్చుని, అప్పుడు లేచి నడిచింది.